పాత కంప్యూటర్లు సరే, చూసుకునేదెవరు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు (మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు) ముగిసింది. విండోస్ 11కు పాత ప్రాసెసర్లు పనికిరావు. దాంతో ఆఫీసుల్లో బాగా నడుస్తున్న యంత్రాలు సైతం మూలకు చేరుతున్నాయి. మరోవైపు కేంద్ర విద్యాశాఖ బడుల గణాంకాల (యూడైస్ ప్లస్) 2024-25 లెక్కల ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న బడులు 64.7 శాతమే. ఆఫీసులు పక్కన పెట్టిన ఆ యంత్రాలను కంప్యూటర్లు లేని బడులకు ఇవ్వాలన్న ఆలోచనను మేం సమర్థిస్తున్నాం.

ఖర్చూ పెద్దగా ఉండదు. పదేళ్ల నాటి ఐ5 డెస్క్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) పెట్టి, ర్యామ్ 8 జీబీకి పెంచి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కిస్తే చాలు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్, లెక్కలకు జియోజెబ్రా, ప్రోగ్రామింగ్ భాష పైథాన్, తెలుగు టైపింగ్ అన్నీ నడుస్తాయి. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఉమ్మడి రాష్ట్రంలో బడుల్లో కంప్యూటర్ విద్య కోసం తెచ్చిన ఐసీటీ పథకం కింద ఉన్నత పాఠశాలల్లో ల్యాబులు పెట్టారు. వాటిని నడిపిన ఏజెన్సీల ఒప్పందాలు ముగిశాక ఎన్నో చోట్ల అవి మూలనపడ్డాయి. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతే కొత్తది కొనడానికి ఏ పద్దు కింద డబ్బు తీయాలో హెడ్మాస్టరుకు తెలియదు. మౌస్ పోయినా స్టాక్ రిజిస్టరు చూపించి ఆడిట్‌లో అడుగుతారు. పాడైనదాన్ని కండెమ్ చేయించాలంటే (పనికిరాదని అధికారికంగా తేల్చి రిజిస్టరు నుంచి తీసేయాలంటే) మళ్లీ ఫైలు నడపాలి. ఇంత తలనొప్పి ఎందుకని గదికి తాళం వేస్తే ఆయన్ని తప్పుపట్టలేం.

కేరళ తన బడులకు కొన్నవి ఎక్కువగా కొత్త యంత్రాలే. అయినా అక్కడ నేర్చుకోవాల్సింది ఉంది. 2001లో మొదలైన ‘ఐటీ@స్కూల్’ అనే ప్రభుత్వ కార్యక్రమం ఇప్పుడు ‘కైట్’ అనే ప్రభుత్వ సంస్థగా మారి, సొంత లైనక్స్‌నే బడులన్నిటికీ ఇస్తోంది, టీచర్లకు శిక్షణా ఇస్తోంది. ‘లిటిల్ కైట్స్’ క్లబ్బుల్లో పిల్లలే హార్డ్‌వేర్ పని నేర్చుకుంటున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ ముందు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఎలాంటి యంత్రాన్ని తీసుకోవాలో, దేన్ని తిప్పి పంపాలో అందులో రాయాలి. దానంగా వచ్చినవాటికి వేరే రిజిస్టరు పెట్టి, పాడైతే మండల స్థాయిలోనే కండెమ్ చేసే అధికారం ఇవ్వాలి. మండలానికో టెక్నీషియన్, విడిభాగాలకు ఏటా కొంత నిధి తప్పనిసరి.

కంపెనీలకూ ఒక మాట. డేటా పూర్తిగా చెరిపి, ఎస్ఎస్‌డీ వేసి, నడిపి చూసి మరీ ఇవ్వండి. పనికిరానివాటిని ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లర్‌కు పంపడం మీ బాధ్యత. దాన్ని బడి మీదకు నెట్టి ఫొటోలు దిగితే ఊరుకోకూడదు. వేసవి సెలవుల్లోనే ఈ ఏర్పాట్లు పూర్తయితే జూన్‌లో బడులు తెరిచేసరికి ల్యాబులూ తెరవొచ్చు.