గాలపు కర్రకు ఉప్పుకాగితం పట్టించకండి

"అటక మీద పాత వెదురు గాలపు కర్ర ఉంటే మీరు లక్షాధికారులే" అని మొదలయ్యే సందేశాన్ని ఈ వారం నలుగురు మిత్రులు నాకు పంపారు. అయిదవవారు పంపేలోగా జవాబు రాయడం మేలనిపించింది.

వెదురుదైతే నూరేళ్ల నాటిదేనట. కాదు, వెదురు బద్దలు అతికించిన కర్రలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ఆరు పలకలుంటే చేతిపనేనట. హారక్స్-ఇబట్సన్, మాంటేగ్ వంటి కర్మాగారాలు కుప్పలుగా చేసి చవకగా అమ్మిన కర్రలకూ ఆరు పలకలే కనుక, లెనర్డ్, పేన్, గ్యారిసన్ వంటి చేయితిరిగిన పనివాళ్లు చేసిన కర్రల ధరను వాటికి అంటగట్టడం కుదరదు. "టాంకిన్" అని ఉంటే పేరుమోసిన తయారీదారుదట. టాంకిన్ అనేది దక్షిణ చైనాలో పెరిగే వెదురు పేరు. గుడ్డ మీద "నూలు" అని చూసి నేసినవాడు నూలయ్య అనుకున్నట్లుంది.

ఇక అసలు ఘోరం: అమ్మే ముందు ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త వార్నిష్ పూస్తే ధర రెట్టింపవుతుందట! వెదురు సత్తువంతా పై తొక్కను ఆనుకొని ఉండే ఒత్తైన నారలోనే ఉంటుంది. అందుకే మంచి పనివాడు బద్దను లోపలి రెండు ముఖాల నుంచి చిత్రిక పడుతూ, ఆ పై పొరను వీలైనంతగా కాపాడుకుంటాడు. మీరు రుద్దేది సరిగ్గా దానినే. దానితోపాటు పట్టుదారపు కట్లు, వాటి అసలు రంగు, పిడి పైన సిరాతో రాసిన పేరు కూడా పోతాయి. కర్ర ఎవరిదో తేల్చే సాక్ష్యాలు అవే. మెరుపే కావాలంటే ఇంట్లో ఇత్తడి చెంబులున్నాయి, తోముకోవచ్చు.

కొన కాస్త విరిగినా ఫరవాలేదన్నది మరో మాట. ఈ కర్రలను ఒకదానిలో ఒకటి దూర్చే తునకలుగా చేస్తారు; చాలా కర్రలలో ఆ తునకలన్నీ సమాన పొడవుతో ఉంటాయి. అవతలి తునక లోహపు పొన్నులో దూరే భాగాన్ని వదిలి కొలిచినప్పుడు కొన 3 అంగుళాలు తగ్గితే, కొనేవాడు బేరం అక్కడే మొదలుపెడతాడు. పిడికి బెండు (కార్క్) ఉండటం విశేషమన్న మాటకు జవాబు అక్కరలేదు, అది మామూలు కర్రలకూ ఉండేదే.

అయితే గుడ్డ సంచినీ, లోహపు గొట్టాన్నీ పారేయవద్దన్న చివరి మాట నిజం. నా మొదటి కర్రను ఎవరు చేశారో తెలిసింది సంచికి కుట్టిన చీటీ వల్లనే. కర్ర మీది పేరును అప్పటికే నేను ఉప్పుకాగితంతో రుద్దేశాను.