ఫెర్గూసన్ గురించి తెలిసిన మనకి రహీమ్ సాబ్ పోలీస్ టీమ్ గురించి ఎందుకు తెలియదు?

ఒకే క్లబ్బులో ఏళ్ల తరబడి ఉండి కప్పుల మీద కప్పులు తెచ్చిన ఫుట్‌బాల్ మేనేజర్ ఎవరని హైదరాబాద్‌లో ఏ కుర్రాణ్ణి అడిగినా ఫెర్గూసన్ అంటాడు. 1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరి, 2013లో దిగిపోయేసరికి 38 ట్రోఫీలు. ఆర్సెనల్ అభిమాని అయితే వెంగర్ పేరు చెప్తాడు. నేనూ వీకెండ్ రాత్రుళ్లు ఆ మ్యాచ్‌లు చూస్తూ పెరిగినవాణ్ణే, వాళ్ల గొప్పతనం మీద నాకు రెండో మాట లేదు. నా బాధ ఒక్కటే. ఆ ప్రశ్నకి మన ఊరి నుంచే ఒక జవాబుంది, అది మన నోట రావట్లేదు.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఫుట్‌బాల్ వాళ్లందరికీ రహీమ్ సాబ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిపంతులుగా పనిచేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయేదాకా అదే జట్టుతో ఉన్నారు. ఆయన వచ్చిన ఏడాది నుంచి వరసగా ఐదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఇంకెవరికీ దక్కలేదు. అప్పట్లో ఢిల్లీలో జరిగే డ్యూరండ్ కప్పు 1950, 1954, 1957, 1961ల్లో మన పోలీసులదే. చివర్లో ఆ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడింది. అప్పట్లో ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్. అలాంటి రోజుల్లో ఒక పోలీస్ డిపార్ట్‌మెంట్ టీమ్ రైలెక్కి వెళ్లి పెద్ద పెద్ద కప్పులు పట్టుకొచ్చేది.

2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక పేరైతే చాలామందికి తెలిసింది. సంతోషమే. కానీ ఇప్పుడు అందరి నోటా జాతీయ జట్టు కోచ్ రహీమే. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. జకార్తా ఫైనల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టేడియం నిండా మనకి వ్యతిరేకంగా అరుస్తున్న జనం. ఎదురుగా దక్షిణ కొరియా. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి కుట్లు పడి ఉంటే, అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాడిగా దింపారు రహీమ్ సాబ్. పీకే బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ ఒక గోల్, 2-1. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఏడాది తిరక్కుండానే పోయారు.

అయినా నేననేది వినండి. జాతీయ జట్టంటే టోర్నమెంట్ ఉన్నప్పుడు క్యాంపు పెట్టి, ఎక్కడెక్కడి ఆటగాళ్లనో కూడగట్టి ఆడించేది. టోర్నమెంట్ అయిపోగానే ఎవరి ఊరికి వాళ్లు. రహీమ్ సాబ్ రోజూ చేసిన పని ఇక్కడిది, ఈ ఊళ్లోది. జకార్తాలో పనికొచ్చిన బుర్ర ఇక్కడి మైదానాల్లో పదునెక్కింది. ఈ పదమూడేళ్లు పక్కనపెట్టి ఆయన్ని పొగిడితే సగం మనిషినే పొగిడినట్టు.

ఆ పని ఎలా చేశారో చూడండి. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ కూడా ఆయనే. అంటే క్లబ్బుతో పాటు ఊరి ఫుట్‌బాలంతా ఆయన చేతిలో ఉంది. ఆ అధికారంతో వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం, నిషేధం. బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇప్పుడు బార్సిలోనా అకాడమీలో పిల్లలకి వన్ టచ్ నేర్పుతుంటే మనం నోరెళ్లబెట్టి యూట్యూబ్‌లో చూస్తున్నాం. డెబ్భై ఏళ్ల కిందట ఒక స్కూలు టీచరు మన ఊరి పిల్లలకి దాన్ని ఆటలా అలవాటు చేశారు. ఉపన్యాసం ఇస్తే పిల్లాడి చెవికెక్కదు, ఆట రూలే మారిస్తే వాడి కాలే నేర్చుకుంటుంది. ఇది టీచరు బుర్రకి తప్ప ఇంకెవరికి తడుతుంది!

ఇంకో సంగతి నాకు మరీ గొప్పగా అనిపిస్తుంది. పోలీస్ టీమ్‌లో ఆటగాడికి దొరికేది డిపార్ట్‌మెంట్ ఉద్యోగం. ఆ భరోసాతో ఊళ్లో ఉండి కలిసి ఆడేవాళ్లు. కానీ పేరొచ్చిన ప్రతివాడి మీదా కలకత్తా క్లబ్బుల కన్ను పడేది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ని తీర్చిదిద్దింది రహీమ్ సాబే. 1957కల్లా బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లిపోయారు. ఆయనొక్కరే కాదు, ఇంకా చాలామంది. ఏ కోచ్‌కైనా టెన్షన్ పట్టుకుంటుంది. రహీమ్ సాబ్ మళ్లీ మొదటినుంచి తయారుచేసుకున్నారు. ఆ 1957లోనే డ్యూరండ్ గెలిచారు. హైదరాబాద్ రాష్ట్ర జట్టు వరసగా రెండేళ్లు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా ఆ రోజుల్లోనే. ఉన్నవాళ్లతో ఐదేళ్లు గెలవడం ఒక ఎత్తు. వాళ్లు వెళ్లిపోయాక కొత్తవాళ్లతో గెలవడం ఇంకో ఎత్తు. ఫెర్గూసన్‌ని మనం మెచ్చుకునేది కూడా సరిగ్గా దీనికే కదా, టీమ్ మీద టీమ్ కట్టుకుంటూ పోయాడని. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, యూసుఫ్ ఖాన్, వీళ్లంతా ఈ ఊరి ఒలింపియన్లు. ఆయన కొడుకు హకీమ్ కూడా 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లినవారే.

దీనికి కావలసింది టైము. పదమూడేళ్లు ఒకే మనిషిని ఒకే చోట ఉండనిచ్చారు కాబట్టి, పదిహేనేళ్ల కుర్రాణ్ణి చూసి ఐదేళ్ల తర్వాత వాడెలా ఆడతాడో ఊహించి పనిచేయగలిగారు. ఇప్పుడు ఆ ఓపిక ఎక్కడుంది? మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీని చూశాం. కోచ్‌గా మనోలో మార్కెజ్ మూడు సీజన్లు ఉన్నారు, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిపించారు. ఆయన వెళ్లాక జట్టు చెదిరిపోయింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో పసుపు జెర్సీలేసుకుని గొంతు చించుకున్న పిల్లలు ఇప్పుడు ఎవరి కోసం అరవాలి? ఆ కోపం నాకింకా చల్లారలేదు. క్లబ్బంటే ఊరితో ముడిపడి ఉండాలి. ఊడబెరికి ఇంకో ఊళ్లో నాటేస్తే అది క్లబ్బెలా అవుతుంది?

రహీమ్ సాబ్ క్లబ్బు చరిత్ర మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో రావాలి. జకార్తా ఒక్కటే కాదు, రోవర్స్ ఐదేళ్లూ రావాలి. పాతబస్తీలో, బొల్లారంలో, సికింద్రాబాద్‌లో ఇప్పటికీ సాయంత్రం బంతి వెనక పరిగెత్తే పిల్లలున్నారు. తమ వీధుల్లోంచే ఒలింపిక్స్‌కి మనుషులు వెళ్లారని వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

విగ్రహాల గురించి నేను అడగట్లేదు. ఆగస్టు 17 ఆయన పుట్టినరోజు. ఆ వారం స్కూలు పిల్లలకి ఒక టోర్నమెంట్ పెడదాం, ఆయన రూలుతోనే. ఎవరికి ఏ కాలు బలహీనమో ముందే రాసుకుని, ఆ కాలితో కొట్టిన గోలే లెక్కలోకి తీసుకుందాం. గ్రౌండ్ ఇప్పించగలిగిన వాళ్లు, రెఫరీగా నిలబడగలిగిన వాళ్లు కామెంట్లలో చెప్పండి. గీతలు గీయడానికి, బంతులు మోయడానికి నేను వస్తాను.