యుద్ధాన్ని గీస్తున్నారు సరే, బిల్లు కట్టేవాణ్ణి ఎవరు గీస్తారు?

ఎక్కడ యుద్ధం మొదలైనా మర్నాటి నుంచి ఒకే రకం కార్టూన్లు. ఇద్దరు నాయకులు ఒకరి మీద ఒకరు పళ్లు నూరుతుంటారు. లేదంటే నెత్తురోడే పావురం ఒకటి నేల మీద పడి ఉంటుంది. ఆ క్షిపణి కొన్న డబ్బు ఎవరి జేబులోంచి పోయింది, ఎవరి జేబులో పడింది అన్నది మాత్రం బొమ్మలో ఎక్కడా కనపడదు. దీన్ని చిన్న లోటని నేను అనుకోను. యుద్ధం గురించి మామూలు మనిషి అడగాల్సిన మొదటి ప్రశ్నే అది.

రెండు వందల ఏళ్ల కిందట లండన్‌లో జేమ్స్ గిల్‌రే అనే కార్టూనిస్టు ఆ ప్రశ్నను ఎంత సూటిగా అడిగాడో చూడండి. 1793లో బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ యుద్ధం మొదలైంది. 1796 నవంబరులో వచ్చిన ఆయన బొమ్మలో ప్రధాని విలియం పిట్ పెద్ద సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడతాడు. ఫ్రెంచివాళ్లు వచ్చేస్తున్నారు, ఒంటి మీద బట్ట కూడా మిగల్చరు, ఇంకా డబ్బు తే అని జనాన్ని హడలగొడుతుంటాడు. ఎదురుగా ఇంగ్లండ్ సామాన్యుడికి గుర్తుగా గీసే జాన్ బుల్. భయంతో కట్టుకున్న లాగు కూడా విప్పి ఇచ్చేస్తున్నాడు. శత్రువు వచ్చి లాక్కుంటాడన్న బట్టను, శత్రువు రాకముందే సొంత ప్రభుత్వం పట్టుకుపోతోంది! అసలు చూడాల్సింది ఆ సంచికి ఉన్న కన్నాలు. వాటిలోంచి బంగారు నాణేలు జలజలా రాలుతుంటే పిట్ పక్షం పెద్దలు డండాస్, గ్రెన్‌విల్, బర్క్ అందుకుంటున్నారు. వందల పేజీల బడ్జెట్ లెక్కల్లో దొరకనిది ఆ కన్నాల దగ్గర దొరుకుతుంది.

అప్పటికే ఉప్పు, సబ్బు, కొవ్వొత్తులు, బీరు, చివరికి ఇంటి కిటికీల మీద కూడా పన్నులున్నాయి. అవీ చాలక 1799 నుంచి ఆదాయం మీదే వేశారు. ఏడాదికి 200 పౌండ్లు దాటితే పదో వంతు కట్టాలి. గిల్‌రే బొమ్మల్ని హన్నా హంఫ్రీ దుకాణంలో అమ్మేవారు. కొనే స్తోమత లేనివాళ్లు బయట గుంపులుగా నిలబడి అద్దంలోంచి చూసేవారు.

ఆ గుంపుల సంగతి ప్రభుత్వానికీ తెలుసు. 1797 నుంచి గిల్‌రేకి ఏడాదికి 200 పౌండ్ల పింఛను గుట్టుచప్పుడు కాకుండా ముట్టింది. ఆ తర్వాత ఆయన కుంచె ఎక్కువగా ప్రతిపక్షం మీదికే తిరిగింది. జనం గోడు గీసిన చేతినే కొనేశారు. ఇది చెప్పకుండా ఆయన్ని ఆకాశానికెత్తడం నాకు చేతకాదు.

అయినా 1806 నాటి బొమ్మ నాకు చాలా ఇష్టం. యుద్ధాన్నీ పిట్ పన్నుల్నీ ఏళ్ల తరబడి ఎండగట్టిన ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ అప్పుడే అధికారంలోకి వచ్చాడు. మధ్యలో తగ్గిన అదే ఆదాయపు పన్నును ఆయన ఉన్న ప్రభుత్వమే 6.25 శాతం నుంచి మళ్లీ 10 శాతానికి పెంచింది. తల దాచుకోవడానికి ఇల్లు కూడా మిగలదని జాన్ బుల్ పైనుంచి మొత్తుకుంటుంటే, నీకు ఇల్లెందుకు, అటకెక్కు, లేకపోతే నేలమాళిగలో ఉండు అంటాడు పన్ను వసూలుకు గుమ్మం దగ్గరికొచ్చిన ఫాక్స్. అంతా దేశం కోసమేనట!

ఈ బొమ్మల్లో పెద్ద లోపం కూడా ఉంది. జాన్ బుల్ ఎక్కువగా ఇల్లూ వ్యాపారం ఉన్న మనిషి. యుద్ధం ముగిశాక 1816లో పార్లమెంటు 238–201 ఓట్లతో ఆదాయపు పన్నును ఎత్తేసింది. ఎవరు బాగుపడ్డారు? చిన్న ఆదాయాల మీద ఆ పన్ను మొదట్నుంచీ లేదు. యుద్ధపు అప్పు మాత్రం కొండలా మిగిలింది. ప్రభుత్వం ఖర్చులో సగానికి పైగా దాని వడ్డీకే పోయేది. ఆ వడ్డీలో పెద్ద భాగం ఉప్పు, సబ్బు, కొవ్వొత్తుల లాంటి వాటి మీద పన్నుల్లోంచే రావాలి. అందుకునేది ప్రభుత్వ బాండ్లు కొన్న డబ్బున్నవాళ్లు. కూలివాడు దీపం వెలిగించుకున్నప్పుడల్లా వాళ్లకు కొంత చెల్లించాడు. గిల్‌రే గీసిన కన్నాల కంటే ఇది పెద్ద కన్నం.

ఇప్పుడు యుద్ధానికి డబ్బు తెచ్చే అసలు దారి అప్పే. 2003 మార్చిలో ఇరాక్ మీద దాడికి దిగిన అమెరికా, మే నెలలో పన్నులు తగ్గిస్తూ చట్టం చేసింది. యుద్ధానికి ఖర్చే లేదన్నట్టు! మొదటి ప్రపంచ యుద్ధం కోసం 1917లో చేసిన అప్పు తాలూకు బాండ్లను బ్రిటన్ 2015 మార్చిలో గానీ తీర్చలేదు. ఆ యుద్ధం నాటికి పుట్టనైనా పుట్టనివాళ్లు జీవితాంతం దానికి వడ్డీ కట్టారు. ఇది అన్యాయం కాదా? దీని మీద ఎన్ని కార్టూన్లు చూశాం మనం?

తలుపు తట్టి వసూలు చేసేవాడు ఇప్పుడు లేడు కదా, ఎవర్ని గీయాలి అని కార్టూనిస్టులు అడగొచ్చు. ధర చూసి చేతిలోకి తీసుకున్న సరుకును మళ్లీ అరలో పెట్టేసే మనిషి ఉన్నాడు. ఆయుధాల కంపెనీ షేరు పెరిగిందని లెక్క చూసుకునేవాడు ఉన్నాడు. బాండ్ల మీద వడ్డీ అందుకునేవాడూ ఉన్నాడు. ముగ్గుర్నీ ఒకే బొమ్మలో పెట్టండి. సంపాదకులూ ఆ బొమ్మను అడిగి మరీ వేయించుకోవాలి. అదీ యుద్ధం మొదలైన మొదటి వారంలోనే, ఖర్చుకు ఆమోదం తెలిపే ఓటింగు ఇంకా జరగకముందే.