కొచ్చి యూదు నడక ఒక్క వీధిలోనే ఆగిపోకూడదు

కేరళ యాత్రకు వెళ్ళే తెలుగు కుటుంబాలు కొచ్చిలో ఒక పూట మట్టాంచేరికి కేటాయించడం మామూలే. డచ్ ప్యాలెస్‌లో కుడ్యచిత్రాలు చూస్తారు. దాని పక్కనే ఉన్న యూదుల ప్రార్థనా మందిరం, పరదేశి సినగాగులోకి చెప్పులు విడిచి వెళతారు. సుగంధ ద్రవ్యాల ఘాటు నిండిన జ్యూ టౌన్ వీధిలో కాసేపు తిరిగి వెనుదిరుగుతారు. వెంట గైడు ఉంటే ఒక కథ కూడా వింటారు. ఎక్కడెక్కడి నుంచో తరిమివేతకు గురైన యూదులను కొచ్చి రాజు ఆదరించాడు, తన కోటను ఆనుకుని ప్రార్థనా మందిరం కట్టుకోవడానికి స్థలమిచ్చాడు, నాలుగు శతాబ్దాలు వారు నిశ్చింతగా బతికారు, ఇజ్రాయెల్ ఏర్పడ్డాక వెళ్ళిపోయారు. ఇందులో అబద్ధం పెద్దగా లేదు. కానీ ఇది కేరళ యూదులలో పరదేశీలు అనే అతి చిన్న వర్గం, అతి సంపన్న వర్గం కథ. మిగిలినవారి కథ ఆ నడకలో వినిపించకపోవడం పెద్ద లోపం. దాన్ని సరిదిద్దడం కష్టమూ కాదు.

పరదేశి సినగాగు చూసి తీరవలసినదే, అందులో సందేహం లేదు. 1568లో కట్టారు. 1662లో పోర్చుగీసువారు ధ్వంసం చేస్తే, డచ్చివారు వచ్చాక రెండేళ్ళలో మళ్ళీ నిలబెట్టుకున్నారు. నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలి, తెలుపు పలకలు. పద్దెనిమిదో శతాబ్దంలో చేత్తో చిత్రించినవి కాబట్టి ఒకటి మరొకదానిలా ఉండదు. పైన బెల్జియం దీపాల గుత్తులు, మధ్యలో ఇత్తడి కమ్మీల ప్రసంగ వేదిక. మేడపై స్త్రీల భాగానికి ముందు రెండో వేదిక ఒకటి ఉంటుంది. అది కేరళ సినగాగుల ప్రత్యేకత. బయటి గడియార స్తంభాన్ని 1760లో ఎజెకియేల్ రహాబి కట్టించాడు. డచ్ ఈస్టిండియా కంపెనీకి దశాబ్దాల పాటు ప్రధాన వర్తకుడిగా వ్యవహరించిన వ్యక్తి ఆయన. ఆ గడియారం ముఖాల మీద హీబ్రూ, రోమన్, మలయాళ అంకెలు కనిపిస్తాయి. 1968లో ఈ మందిరానికి నాలుగు వందల ఏళ్ళు నిండినప్పుడు ఇందిరా గాంధీ స్వయంగా హాజరయ్యారు, తపాలా బిళ్ళ కూడా విడుదలైంది.

అయితే ఈ మందిరం ఆధీనంలో ఉన్న రెండు వస్తువులు దీని కన్నా పాతవి. మొదటిది రాగి శాసనం. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖుడికి పల్లకీ, గొడుగు, పగటి దివిటీ, భేరీ వంటి మర్యాదలతో పాటు పన్నుల మినహాయింపు ఇస్తూ రాయించినది. రెండోది ప్రాంగణంలోని గోడలో పొదిగిన శిలాఫలకం. 1344లో కొచ్చంగాడిలో కట్టిన సినగాగుకు చెందినది. పరదేశీలు ఈ తీరానికి వచ్చింది 1492లో స్పెయిన్ యూదులను వెళ్ళగొట్టిన తరువాతే. కాబట్టి రాగి శాసనం పొందిన సమాజానికీ, కొచ్చంగాడిలో ప్రార్థన చేసిన సమాజానికీ అసలైన వారసులు వారికంటే ముందు నుంచీ ఇక్కడ ఉన్న మలబారీ యూదులు. సొంత పెద్దరికానికి వారి దగ్గర ఉన్న గట్టి ఆధారాలు తరువాత వచ్చినవారి ఇంట చేరాయి. గైడు ఈ ఒక్క మాట చెప్పినా చాలు, యాత్రికుడి మనసులో బోలెడు ప్రశ్నలు పుడతాయి.

ఆ ప్రశ్నలు కొత్తవేమీ కావు. పదహారో శతాబ్దంలోనే కొచ్చి నుంచి కైరోలోని ప్రసిద్ధ ధర్మవేత్త డేవిడ్ ఇబ్న్ అబీ జిమ్రాకు ఒక లేఖ వెళ్ళింది. ఇక్కడ తొమ్మిది వందల కుటుంబాలున్నాయి, వాటిలో వంద కుటుంబాలవారు మిగతావారిని బానిసల సంతతి అంటూ వియ్యమందడం లేదు, ఏమి చేయాలి అని అందులో అడిగారు. వారూ యూదులే, పెళ్ళి సంబంధాలు కలుపుకోవచ్చని ఆయన తీర్పు పంపాడు. ఆ తీర్పును పరదేశీలు పట్టించుకోలేదు. తరువాతి కాలంలో తమను తెల్ల యూదులుగా, మలబారీలను నల్ల యూదులుగా లెక్కగట్టి విడిగా ఉండిపోయారు. సొంత మందిరంలోనే మూడో తరగతి ఒకటి సృష్టించారు. పరదేశీల ఇళ్ళలో బానిసలుగా, సేవకులుగా ఉండి విముక్తి పొందినవారి సంతానాన్ని మెషుహ్రారిం అనేవారు. వారిది అదే మతం, అవే ప్రార్థనలు. అయినా లోపల బెంచీల మీద కూర్చోకూడదు. ముందు గదిలో నేల మీదో, మెట్ల మీదో కూర్చోవాలి. వారి మృతదేహాలకు పరదేశి శ్మశానంలో చోటు లేదు. యూదుల పవిత్ర గ్రంథమైన తోరా చుట్ట ముందుకు పిలిచి చదివించే గౌరవం వారికి దక్కేది కాదు.

మనకు ఇది కొత్తగా అనిపించదు. ఊరి గుడి బయట ఎవరు నిలబడేవారో, ఏ బావిలో ఎవరు చేద వేయకూడదో తెలిసిన నేల మనది. కుల వ్యవస్థ మధ్య శతాబ్దాలు బతికిన సమాజం ఆ వ్యవస్థ తర్కాన్ని తన ధర్మశాస్త్రానికి విరుద్ధంగా కూడా ఒంటబట్టించుకున్నదనడానికి ఆ ముందు గదికి మించిన సాక్ష్యం అక్కర్లేదు. యాత్రికులు టికెట్టు చూపి రెండు అడుగుల్లో దాన్ని దాటిపోతారు. ఆగి చూడవలసిన చోటు అదే.

ఆ గదిలో పెరిగిన వ్యక్తి అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టారు. ఆ వర్గం నుంచి విశ్వవిద్యాలయ పట్టా పొందిన మొదటివారు ఆయనే. న్యాయవాది అయ్యారు, కొచ్చి శాసన మండలిలో సభ్యులయ్యారు, 1929 లాహోర్ కాంగ్రెస్‌కు వెళ్ళి పూర్ణ స్వరాజ్య తీర్మానానికి సాక్షిగా నిలిచారు. దేశమంతా వలస పాలకుల మీద ప్రయోగిస్తున్న సత్యాగ్రహాన్ని ఆయన తన సొంత ప్రార్థనా మందిరంలోకి తెచ్చారు. మందిరాన్ని బహిష్కరించారు, నిరసనగా మెట్ల మీద కూర్చున్నారు, పిల్లలతో కలిసి నిషిద్ధమైన బెంచీల మీద కూర్చోవడానికి పూనుకున్నారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ పోరుతో ఒక్కో అడ్డంకి కరిగింది. అయినా 1950లో ఆయన కుమారుడు పరదేశి కుటుంబపు అమ్మాయిని పెళ్ళాడినప్పుడు ఆ పెళ్ళి కోసం జంట బొంబాయి వెళ్ళవలసి వచ్చింది. యూదు గాంధీ అని పిలిపించుకున్న సేలం 1967లో కన్నుమూశారు. జ్యూ టౌన్‌లో నేడు ఆయన పేరుతో రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీద తివాచీలు, ఇత్తడి దీపాలు బేరమాడుతూ నడిచేవారికి ఆ పేరు ఎవరిదో చెప్పేవారు ఉండాలి.

మలబారీల కథ ఎందుకు మరుగున పడిందంటే కారణం చాలావరకు ఆర్థికమైనది. 1940ల చివర కేరళలో దాదాపు 2,500 మంది యూదులుండేవారు. పరదేశీలు వారిలో పదో వంతు కూడా లేరు. 1950ల నడుమ మలబారీలు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. నెవతీం, మెసిలత్ సియోన్ వంటి వ్యవసాయ గ్రామాలలో స్థిరపడ్డారు. ఆస్తులు, వ్యాపారాలు ఉన్న పరదేశీలు ఇక్కడే ఉండి, తరువాత మెల్లమెల్లగా తగ్గారు. మనుషులున్నచోట మందిరం బతికింది, మందిరం బతికినచోట కథ బతికింది. 2019 ఆగస్టులో 96 ఏళ్ళ వయసులో సారా కోహెన్ మరణించినప్పుడు దేశమంతటా వార్తలు వచ్చాయి. జ్యూ టౌన్‌లో చేతికుట్టు దుకాణం నడిపిన ఆమెను చివరి రోజుల్లో కన్నతల్లిలా చూసుకున్నది ఒక ముస్లిం కుటుంబం. మరుసటి నెలలోనే, అదే జ్యూ టౌన్ దక్షిణపు కొసలో ఉన్న మలబారీల కడవుంభాగం సినగాగు వానలకు కొంత కూలిపోయింది. దాని గురించి విన్నవారు ఎంతమంది? పదహారో శతాబ్దపు ఆ మందిరం చెక్కడాల లోపలి భాగాన్ని ఎప్పుడో విప్పి జెరూసలేం తీసుకువెళ్ళారు. అక్కడి ఇజ్రాయెల్ మ్యూజియంలో లక్షలమంది చూస్తున్నారు. ఇక్కడ మిగిలినది ఏళ్ళ తరబడి గోదాముగా వాడిన గోడలు మాత్రమే.

అందుకే నా దృష్టిలో కొచ్చి యూదు నడక ఈ దక్షిణపు కొసన మొదలుకావాలి. అక్కడి నుంచి నెహెమియా మోతా సమాధికి రావాలి. పదిహేడో శతాబ్దపు మొదట్లో మరణించిన ఈ కవి సమాధి దగ్గర యూదులతో పాటు హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూడా కొవ్వొత్తులు వెలిగించారు. సమాధి చుట్టూ ఒకప్పుడు మలబారీల శ్మశానం ఉండేది. ఆ తరువాతే పరదేశి సినగాగు. పిమ్మట పడవ దాటి ఎర్నాకుళం బజారులోని జ్యూ స్ట్రీట్‌కు వెళ్ళాలి. అక్కడ మరో కడవుంభాగం సినగాగు ఉంది. 1972లో ప్రార్థనలు ఆగిపోయాయి. మొక్కలు, రంగుచేపలు అమ్మే దుకాణం గుండా లోపలికి వెళ్ళాలి. ఆ దుకాణం నడిపే యూదు కుటుంబమే మందిరాన్ని కాపాడుకుంటూ వచ్చింది. దగ్గరలోనే తెక్కుంభాగం సినగాగు.

ఓపిక ఉన్నవారు రెండో రోజు ఉత్తర పరవూరు, చేందమంగలం వెళ్ళవచ్చు. ఈ రెండు సినగాగులనూ ప్రభుత్వం బాగుచేయించి మ్యూజియంలుగా మార్చింది. చేందమంగలంలో సారా బత్ ఇజ్రాయెల్ అనే స్త్రీ సమాధి రాయి 1269 నాటిది. పరవూరులో ఆగినప్పుడు మలబారీ స్త్రీల మలయాళ పాటల గురించి చెప్పాలి. పెళ్ళిళ్ళకూ పండుగలకూ పాడుకున్న ఆ పాటలను చేతిరాత పుస్తకాల్లో తరతరాలుగా దాచుకుని, ఓడ ఎక్కేటప్పుడు వెంట తీసుకుపోయారు. వాటిలో కొన్ని పరిశోధకుల కృషి వల్ల నేడు మళ్ళీ వినిపిస్తున్నాయి. ఆ పాట ఒకటి ఫోనులో వినిపించినా నడక స్థాయి మారిపోతుంది.

ఇదంతా చెబితే కొచ్చి సహనానికి మచ్చ వస్తుందని కొందరి భయం. నాకలా అనిపించదు. గోవాలో 1560లో పోర్చుగీసు మత విచారణ మొదలైన కాలంలో కొచ్చి రాజు యూదులకు ఆశ్రయమివ్వడం గొప్ప విషయమే. మిరియాల వ్యాపారం, దూరదేశాలతో సంబంధాలున్న వర్తకుల అవసరం అందులో ఉన్నాయి, అయినా గొప్పే. కానీ రాజు ఇచ్చిన చోటులో సాటి యూదుణ్ణి నేల మీద కూర్చోబెట్టారు. ఆదరణ పొందినవారే మరొకరికి దాన్ని నిరాకరించిన చరిత్ర అది, నిరాకరణకు గురైనవారు లేచి నిలబడిన చరిత్ర కూడా.

తెలుగువారికి ఇందులో మరో ఆసక్తి ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు సమాజం తమను యూదులుగా చెప్పుకుంటూ ఆ ఆచారాలు పాటిస్తున్నది. ఆ కుటుంబాలది ఎక్కువగా మాదిగ నేపథ్యం. 1990ల మొదట్లో సొంత సినగాగు పెట్టుకున్నారు. వారి వంశ కథనాన్ని చరిత్రకారులు ఎలా తూచినా, ఎవరిని తమవారుగా ఒప్పుకోవాలన్న ప్రశ్న మట్టాంచేరిలో ఐదు వందల ఏళ్ళ కిందటిది, మన కృష్ణా తీరంలో ఇప్పటిది. కొచ్చి నుంచి తిరిగి వచ్చిన తెలుగు యాత్రికుడు కొత్తరెడ్డిపాలెం గురించి చదివితే వింతగా చూడకుండా అర్థం చేసుకునే అవకాశం ఎక్కువ.

త్రిశూర్ జిల్లాలోని మాళలో యూదులు వెళ్ళిపోతూ 1955లో సినగాగునూ శ్మశానాన్నీ స్థానిక పంచాయతీకి అప్పగించారు. నమ్మి ఇచ్చిన ఆ శ్మశాన స్థలాన్ని కాపాడాలని స్థానికులు ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. యాత్రికులు వెళ్ళేచోటికి నిధులు వెళతాయి, ఎవరూ అడగని చోట గోడలు కూలుతాయి. కాబట్టి కేరళ పర్యాటక శాఖ చేయవలసినవి పెద్దవేమీ కావు. గైడ్లకు ఇచ్చే శిక్షణలో మలబారీల చరిత్రనూ సేలం పోరాటాన్నీ చేర్చాలి. ఎర్నాకుళం సినగాగులు తెరిచే వేళలు ముందుగా తెలిసే ఏర్పాటు చేయాలి. పరదేశి సినగాగు ముందు గదిలో, యూదు సంఘం సమ్మతితో, అక్కడ ఎవరిని కూర్చోబెట్టేవారో మలయాళంలో, హీబ్రూలో, ఇంగ్లీషులో రాసిన ఒక ఫలకం పెట్టాలి. ఈలోగా మనవైపు నుంచి వెళ్ళేవారు చేయగలిగింది కూడా ఉంది. నడక బేరం కుదుర్చుకునేటప్పుడే గైడును అడగవచ్చు, కడవుంభాగం చూపిస్తారా అని.