సెర్చ్ ఇండెక్సర్ గారికి, 38 శాతం వాటాదారు రాయునది

మహారాజశ్రీ సెర్చ్ ఇండెక్సర్ గారి సముఖానికి,

హనుమకొండ చౌరస్తా దగ్గర చిన్న డీటీపీ షాపు నడుపుకునే నేను రాయునది. ఉభయ కుశలోపరి. కంప్యూటర్‌లో ఎవరెంత పని చేస్తున్నారో చూపే టాస్క్ మేనేజర్‌లో, ప్రాసెసర్‌ను వాడుకుంటూ మీరు 62 శాతం క్షేమంగా ఉన్నట్టు చూశాను. మిగిలిన 38 శాతంలో కార్డులు కూర్చే పేజ్‌మేకర్, యాంటీవైరస్, ప్రింటర్, నేను సర్దుకుంటున్నాం.

పోయిన వారం పెళ్లిళ్ల రద్దీలో పరకాల నుంచి ఒకాయన కూతురి పెళ్లి కార్డు ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చాడు. అంతా బాగుంది, వరుడి ఇంటిపేరులో ఒక్క ఒత్తు పడలేదు. ఒత్తు కొట్టాను. తెర మీద ఆ నీలం గుండ్రం తిరగడం మొదలుపెట్టింది. లోపల ఫ్యాను కారం గిర్నిలా మోత. ఆయన బస్సు టైము చూసుకుంటూ, "ఒక్క ఒత్తుకు గింత సేపా తమ్మీ, చేతితోని రాసినా అయిపోతుండె" అన్నాడు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని నవ్వాను. ఇంకేం చేయను?

మీ ఉద్యోగం ఏమిటో నాకు తెలియక కాదు. పుస్తకం చివర పదాల పట్టిక ఉంటుంది కదా, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పేది, కంప్యూటర్‌కు అలాంటిది మీరు రాసి పెడతారు. ప్రతి ఫైలూ తెరిచి, మాటలు ఏరి, చిట్టాకెక్కిస్తారు. వెతికినప్పుడు డిస్కంతా తవ్వే బాధ తప్పుతుంది. మంచి ఉద్యోగమే. దానికో మర్యాద కూడా ఉంది: నేను చాయ్‌కి పోయినప్పుడు మీరు పని చేసుకోవాలి, నేను మౌస్ ముట్టుకోగానే నెమ్మదించాలి. మా షాపులో మాత్రం మీరు పనిలోకి దిగితే నేను చాయ్‌కి పోతున్నాను. రోజుకు ఆరు చాయ్‌లు. షుగర్ టెస్టు చేయించుకోమని ఇంట్లో పోరు.

ఒకసారి రాసుకున్నది మళ్లీ మొదటి నుంచి రాయడం దేనికండీ? వేయి స్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించింది. అందులో స్తంభాలు రోజుకొకటి కొత్తగా మొలవవు. రోజూ పొద్దున్నే వచ్చి ఒకటో స్తంభం నుంచి లెక్కపెట్టేవాణ్ణి ఏమంటారో, మనసులో మిమ్మల్ని అదే అంటున్నాను.

మొదట మీ మీద 'ఎండ్ టాస్క్' కొట్టాను. భద్రకాళి చెరువులో గుర్రపు డెక్క తీసినట్టే అయింది. ఇటు తీస్తే అటు. మీ వెనక ఒక సర్వీసు ఉందని, మీరు పడిపోతే అదే లేపి నిలబెడుతుందని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరో చెబితే 'రీబిల్డ్' నొక్కాను. ఇందులో నా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. అది నొక్కితే పాత చిట్టా మొత్తం చెరిపేసి సున్నా నుంచి మొదలుపెడతారట. సగంలో ఉండగా నెమ్మదిగా ఉందని మళ్లీ నొక్కాను. మూడోసారి నొక్కాక కరెంటు పోయింది.

అసలు రోగం 'స్కాన్' అనే ఫోల్డరులో దొరికింది. ఆధార్లు, పాసుపుస్తకాలు, కుల ధ్రువపత్రాలు పొద్దంతా అందులోనే పడుతుంటాయి. పడిన ప్రతిదాన్నీ బ్యాకప్ ప్రోగ్రాం ఇంకో చోటికి కాపీ చేస్తుంది. కొత్త ఫైలు వచ్చిందని మీరు తెరుస్తారు. మీరు తెరిచారని యాంటీవైరస్ తెరుస్తుంది. ముగ్గురూ కలిసి ఒక్క పాత హార్డ్ డిస్కు మీద. ఫైళ్లు నాలుగు లక్షలు దాటితే మీకు ఆయాసం వస్తుందని మిమ్మల్ని తయారు చేసినవాళ్లే రాసుకున్నారు. నా దగ్గర, 'పాస్‌పోర్ట్ ఫోటో కాపీ కాపీ 2' లాంటివి కలుపుకున్నా, లక్ష లేవు.

సరే, ఇంత చదివారు కదా, ఏం నేర్చుకున్నారో చూద్దామని సెర్చ్ పెట్టెలో 'శుభలేఖ' అని కొట్టాను. ఏమీ దొరకలేదు! పెళ్లి కార్డుల షాపులో! అప్పుడు వెలిగింది. మా టైపింగు అంతా పాత డీటీపీ ఫాంట్లలో. తెర మీద 'శుభలేఖ' కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన కిచిడి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే నాకే అర్థం కాదు. ఆ కిచిడిని మీరు మెతుకు మెతుకూ ఏరి చిట్టాకెక్కించారు. ఇక పేజ్‌మేకర్ ఫైళ్ల లోపలికి తొంగి చూడటం మీ వల్ల కానే కాదు, పేర్లు మాత్రం రాసుకుంటారు. 62 శాతం దీనికా?

మా కౌంటర్ కింద నల్ల అట్ట రిజిస్టర్ ఒకటి ఉంది. తారీఖు, పేరు, ఊరు, ఫోల్డరు నంబరు. మూడేళ్ల కిందటి కార్డయినా షాపులో పనిచేసే అమ్మాయి రెండు పేజీలు తిప్పి చెబుతుంది. ప్రాసెసర్ ఖర్చు, వేలికి ఇంత ఉమ్మి.

అందుకని నిన్న ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లోకి పోయి డి డ్రైవ్ మొత్తానికి టిక్కు తీసేశాను. యూనికోడ్‌లో, అంటే మీరూ చదవగలిగే అసలు తెలుగు అక్షరాల్లో ఉన్న 'బిల్లులు' ఫోల్డరు ఒక్కటే మీకు వదిలాను. పావుగంటలో ఫ్యాను సద్దుమణిగింది. బయట ఆటోల హారన్లు ఇంత స్పష్టంగా విని చాలా రోజులైంది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు తెర కదలడం లేదని ఒత్తు రెండుసార్లు కొట్టాను. తర్వాత రెండూ పడ్డాయి. బస్సు తొందరలో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అయిదు వందల కార్డులు అచ్చయ్యాయి, వరుడి ఇంటిపేరు ఒత్తు మీద ఒత్తుతో. ఆయన రేపు పది గంటలకు వస్తున్నాడు. ఆ టైముకు మీరు కూడా షాపులో ఉంటే బాగుంటుంది.

ఇట్లు,
తమ 38 శాతం వాటాదారు