రోహిణి కార్తెలో అంగుళం వాన

మొన్న రోళ్లు పగిలే ఎండలో నెల్లూరులో అంగుళం వాన పడింది, కాకపోతే మా మిద్దె మీద ఒక్క గరాటులోనే పడింది.

నాకు హ్యామ్ రేడియో పిచ్చి, అంటే లైసెన్స్ తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేది. అందులో ఏపీఆర్‌ఎస్ అని ఒకటుంది, అమెరికా నేవల్ అకాడమీలో పనిచేసిన బాబ్ బ్రునింగా అనే ఆయన పెట్టాడు, మనం యాడున్నామో, అక్కడ ఎండెంత వానెంతో 1200 బాడ్ వేగంతో ఒక కీచు అరుపుగా గాల్లోకి పోద్ది, దాన్ని ఇంకో డబ్బా పట్టుకుని ఇంటర్నెట్‌కి ఎక్కిస్తే ఎవరైనా మ్యాప్‌లో చూసుకోవచ్చు. నేనూ మిద్దె మీద ఇనప పైపు నిలబెట్టి వాన కొలిచే గరాటు బిగించినా. లోపల తక్కెడ మాదిరి రెండు చిన్న దోనెలుంటాయి, ఒకటి నిండితే టక్కుమని ఒరిగిపోద్ది, ఒక్కో టక్కుకి అంగుళంలో నూరోవంతు.

మధ్యాహ్నం షాపులో ఉంటే ఒంగోలు ఫ్రెండ్ ఫోను. "ఏందబ్బా, గంటలో వంద మిల్లీమీటర్లా? పెన్నకి నీళ్లొస్తాయేమో చూసుకోండి!"

బయటికొచ్చి చూస్తే ఆకాశం తెల్లగా కాలిపోతా ఉంది, రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఫోన్‌లో నా ప్యాకెట్, అంటే మా మిద్దె మీంచి గాల్లోకి పోయిన కబురు, తీసినా. టీ 104, ఆర్ 100. ఆర్ అంటే గంట వాన, అంగుళంలో నూరోవంతుల్లో, అంటే ఒక అంగుళం, పాతిక మిల్లీమీటర్లు, వీడు వంద అనుకున్నాడు. పక్కనే టీ 104 అని ఎండ కూడా ఉంది కదా, ఫారన్‌హీట్‌లో, అంటే మన 40 డిగ్రీలు, అంత వాన పడతా అంత ఎండ యాడన్నా కాస్తదా? అది మాత్రం చూడలా.

అమ్మకి ఫోన్ చేస్తే "వానా? 104 ఏందిరా, జొరమొచ్చిందా నీకు?" అని పెట్టేసింది.

ఇంటికి పోయి మిద్దెక్కితే తెలిసింది. నా పైపుకీ నీళ్ల ట్యాంకుకీ మధ్య అమ్మ తాడు కట్టేసి ఉంది, దాని మీద పిండీ పిండనట్టు ఆరేసిన డబల్ కాట్ దుప్పటి, దాని కొస సరిగ్గా గరాటు మీద. చుక్క, చుక్క, టక్కు. పాపం బ్రునింగా లెక్కలో దుప్పటి లేదు.

తాడు తియ్యమంటే, ఎండ బాగా తగిలేది ఆ మూలేనంట, నా పెట్టెనే జరుపుకోమంది. జరిపినా.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఒంగోలోడు రేడియోలో వాతావరణం అడగడం మానేసి, "ఇయ్యాళ మీ ఇంట్లో దుప్పట్లా, చీరలా?" అంటున్నాడు.