ఇల్లు కట్టేటప్పుడే లిఫ్టుకు ఒక అంకణం వదలండి

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. మా అమ్మ ఆ దారిన ఎన్నిసార్లు ఎక్కిందో ఆమెకే లెక్క తెలియదు. చిన్నప్పుడు నా పుట్టువెంట్రుకల మొక్కుకు నన్ను చంకనేసుకొని గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కానని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అలాంటి మనిషి తుంటి ఎముక విరిగాక, మా ఇంటి పద్దెనిమిది మెట్లు దిగలేక ఏడు నెలలు మిద్దె మీదే ఉండిపోయింది.

పద్దెనిమిది పెద్ద లెక్కేం కాదు. అంతస్తుకు పదడుగుల ఎత్తు, మెట్టుకు ఏడంగుళాలు వేసుకుంటే ఏ ఇంటికైనా పదిహేడో పద్దెనిమిదో వస్తాయి. మా ఇల్లు బైరాగిపట్టెడలో, కింది పోర్షన్ అద్దెకిచ్చి పైన మేముంటాం. తిరుపతిలో సొంతిల్లు ఉన్న మధ్యతరగతి వాళ్లలో చాలామంది పద్ధతి ఇదే, ఎందుకంటే ఇక్కడ కింది ఇంటికి అద్దెకు కొదవుండదు, చదువుకొనే పిల్లలో, కొండ మీద ఉద్యోగం చేసేవాళ్లో, రోడ్డు పక్కనైతే ఏదో ఒక షాపో వచ్చేస్తుంది, ఆ అద్దెతోనే ఇంటి లోను కడతాం. అలా కట్టుకుంటూ పోతే లోను తీరే సమయానికి ఇంటి యజమానికి అరవై దాటుతాయి, అప్పటికి ఆయన ఉండేది ఫస్ట్ ఫ్లోర్‌లో.

అమ్మను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను, మా తమ్ముడు, కింద అద్దెకున్న ఇద్దరు కుర్రాళ్లు తలా ఒక కాలు పట్టుకొని ఎత్తాం. మలుపు దగ్గర ల్యాండింగ్ మూడడుగులే, కుర్చీ తిరగలేదు. వెనకున్న అబ్బాయి మోచెయ్యి గోడకు గీసుకుపోయింది, నున్నటి గ్రానైట్ మెట్టు మీద నా చెప్పు జారింది. అమ్మ కళ్లు గట్టిగా మూసుకొని, "నన్నిక్కడే దించేయండి నాయనా, ఇక్కడే కూర్చుంటా" అంది. చెకప్‌కని తర్వాత రెండుసార్లు అలాగే దించి ఎక్కించాం. ఆ రెండుసార్లు తప్ప ఆమె కిందికి రానే లేదు. శుక్రవారం తిరుచానూరు పోవడం మానేసింది, సాయంత్రం పక్కింటి అరుగు మీద కబుర్లు మానేసింది. మే నెలలో గంగమ్మ జాతరకు వేషాలు మా వీధి చివర పోతుంటే బాల్కనీ గ్రిల్ పట్టుకొని, సున్నపుకుండల వేషమా, మాతంగి వేషమా అని మమ్మల్ని అడిగి తెలుసుకుంది. చూపు ఆనక అడగలేదు, అంత దూరానికి ఎవరికైనా కనపడదు.

ఇంట్లో లిఫ్టు పెట్టిద్దామని నేనన్నప్పుడు చుట్టాలంతా ఒకే మాట అన్నారు, అంత ఉన్నోళ్లమా మనం అని. ఇంటి లిఫ్టు ధర రకాన్ని బట్టి ఒక కారు కొన్నంత అవుతుంది, నిజమే. కానీ అదే చుట్టాల ఇళ్లలో వారానికి రెండు రోజులు కూడా బయటికి తీయని కారుకు వందా నూటయాభై చదరపు అడుగుల పార్కింగ్ ఉంది. దాన్ని ఎవరూ దుబారా అనరు. లిఫ్టు అనగానే మాత్రం సినిమాల్లో జమీందారు బంగళా గుర్తొస్తుంది. మోకాళ్లు అరిగిన మనిషికి, పక్షవాతం వచ్చిన మనిషికి, పుట్టుకతోనే నడవలేని బిడ్డకు అది వీధిలోకి వెళ్లే దారి. ఈ తేడా మన ఇళ్లలో ఇంకా అర్థం కాలేదని నా బాధ.

మెట్లెక్కడం ఒంటికి మంచిది, లిఫ్టు పెడితే బద్ధకం వస్తుందని ఇంకో మాట అంటారు. ఎక్కగలిగినవాళ్లు ఎక్కండి, ఎవరూ వద్దనరు. నేను మాట్లాడుతున్నది ఎక్కలేనివాళ్ల గురించి.

ఇక మేం చేసిన తప్పు చెప్తాను, ఇంకొకరు చేయకూడదని. మొదట పిలిచిన లిఫ్టు కంపెనీ మనిషి 'ఫోర్ ప్యాసింజర్, హాయిగా నలుగురు పడతారు' అన్నాడు, మేం సరే అనేసి అడ్వాన్సు ఇచ్చేశాం. నలుగురు అనేది బరువు లెక్క అని నాకప్పుడు తెలియదు. మనిషికి 68 కిలోల చొప్పున నలుగురంటే 272 కిలోలు, అంతే. అందులో వీల్‌చైర్ పడుతుందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు. డ్రాయింగ్ వచ్చాక చూస్తే తలుపు తెరుచుకునేది 70 సెంటీమీటర్లు, మా వీల్‌చైర్ వెడల్పు 65. కాగితం మీద సరిపోయింది, కానీ చక్రం తిప్పే చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? లోపలి లోతు ఇంకా ఘోరం, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు విప్పితే తప్ప తలుపు మూసుకోదు. ఆర్డరు మార్చమంటే అడ్వాన్సులో కొంత కోసుకున్నారు. వికలాంగులకు అనువుగా ఉండే భవనాల కోసం 2021లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో లిఫ్టు తలుపు కనీసం 90 సెంటీమీటర్లు తెరుచుకోవాలని స్పష్టంగా ఉంది. వీల్‌చైర్, దాని పక్కన తోసే మనిషి ఇద్దరూ పట్టాలంటే లోపల మూడున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతన్నా ఉండాలి. లిఫ్టు కొనేవాళ్లు ఎంతమంది పడతారని అడగడం మానేసి, తలుపు ఎంత, లోతు ఎంత అని టేపు పట్టుకొని అడగండి.

రకాల సంగతికొస్తే, నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ లిఫ్టుకు పైన మెషిన్ రూమ్ అక్కర్లేదు, కరెంటు పోయినా వాల్వు తెరిస్తే దాని బరువుకే మెల్లగా కిందికి దిగుతుంది. తాళ్లతో నడిచే మామూలు లిఫ్టుకు ఏఆర్‌డీ అనే బ్యాటరీ ఏర్పాటు ఉంటే కరెంటు పోగానే దగ్గరి అంతస్తుకు తెచ్చి తలుపు తీస్తుంది, అది ఉందో లేదో కొటేషన్‌లో చూసుకోవాలి. గుండ్రటి గాజు గొట్టంలా ఉండే గాలి లిఫ్టులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మిగతావాటిలా కింద గొయ్యి కూడా తవ్వక్కర్లేదు, కానీ చిన్న సైజుల్లో వీల్‌చైర్ అసలు పట్టదు. మెట్ల పక్కన పట్టా వేసి కుర్చీ జరిగేలా చేసే స్టెయిర్ లిఫ్టు వీటన్నిటికంటే చవక, కాకపోతే అందులో వెళ్లే మనిషికి మేడ మీద ఒక వీల్‌చైర్, కింద ఒక వీల్‌చైర్ పెట్టుకోవాలి, మన ఇళ్ల మెట్లు రెండడుగులా తొమ్మిదంగుళాలు, మూడడుగులు ఉంటే మిగతావాళ్లు నడవడానికి చోటు మిగలదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం ఇంకొకటి ఉంది. ఖర్చు తగ్గుతుందని వెల్డింగ్ షాపులో పంజరంలా చేయించి, బస్తాలు ఎక్కించే మోటారు తగిలించి, అందులో మనుషులు ఎక్కుతున్నారు. న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ అనే ఆయన జనం ముందు తాను నిలబడ్డ లిఫ్టు తాడు కోయించి, అది పడిపోకుండా మధ్యలోనే ఆగిపోవడం చూపించింది 1854లో. నూటడెబ్బై ఏళ్ల కిందటే తెలిసిన ఆ ఏర్పాటు లేని పెట్టెలో ముసలివాళ్లను ఎక్కించకండి, దండం పెడతాను. తాడు తెగితే పట్టాలను కరిచి పట్టుకునే బ్రేకు, వేగం మీరితే దాన్ని లాగే గవర్నర్, లిఫ్టు ఎదురుగా లేకపోతే తెరుచుకోని తలుపు, ఈ మూడూ లేకుండా లిఫ్టు అనే పేరే పెట్టకూడదు. చిత్తూరుకు అటు పక్కన కర్ణాటకలో 1974 నుంచి, ఇటు పక్కన తమిళనాడులో 1997 నుంచి లిఫ్టులకు ప్రత్యేక చట్టాలున్నాయి. ఇంటి లిఫ్టులకు విడిగా ఐఎస్ 15259 అని భారత ప్రమాణం 2002లోనే వచ్చింది. ఏ ప్రమాణం ప్రకారం చేస్తున్నారో కంపెనీ వాళ్లను రాసివ్వమనండి. ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులో విడిభాగాలు కలిసి ఉన్నాయా, చెడిపోతే మెకానిక్ తిరుపతిలోనే ఉన్నాడా, చెన్నై నుంచి రావాలా అన్నది కూడా కాగితం మీదే ఉండాలి. లోపల ఒక ఫోను పెట్టించుకోండి, ఇనప పెట్టెలో సెల్ సిగ్నల్‌ను నమ్ముకోలేం.

అసలు లిఫ్టే వద్దు, పెద్దవాళ్లను కింది ఇంట్లో పెడితే పోలేదా అనేవాళ్లున్నారు. వీలుంటే అదే మేలు, లిఫ్టు అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. కానీ కింది ఇల్లు అంటే నేలకు సమానంగా ఉండే ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుందని, వానకు నీళ్లొస్తాయని భయపడి మూడడుగుల పునాది లేపుతాం. ర్యాంపు సరిగ్గా వేయాలంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి, మూడడుగులకు ముప్పయ్యారు అడుగులు. రెండు సెంట్ల స్థలంలో అంత ర్యాంపు ఎక్కడ వేస్తాం? అందుకని నాలుగడుగుల్లో నిట్టనిలువుగా ఒకటి పోస్తారు, అది స్కూటర్ ఎక్కించడానికి పనికొస్తుంది. లిఫ్టు పెట్టిన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. కొర్లగుంటలో మా స్నేహితుడి అపార్ట్‌మెంట్‌కు లిఫ్టుంది, ఆ లిఫ్టు దాకా పోవడానికి పార్కింగ్ నుంచి నాలుగు మెట్లు ఉన్నాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. లిఫ్టు వీధి మట్టానికి దిగాలి. పైన దిగాక మంచం దాకా, బాత్రూమ్ దాకా గడప లేకుండా పోవాలి. మా బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు, చట్రం పోను వీల్‌చైర్ దూరలేదు, లిఫ్టు వచ్చిన తర్వాత దాన్ని పగలగొట్టించాం.

వాస్తు సంగతి వదిలేస్తే చదివేవాళ్లు ఒప్పుకోరు. ఈశాన్యంలో బరువు వద్దంటారు, నైరుతిలో గొయ్యి వద్దంటారు. ఆ పట్టింపు ఉన్నవాళ్లతో నేను వాదించను, మిగిలిన చోట్లు చాలానే ఉన్నాయి. పునాది తీయకముందు అడిగితే సిద్ధాంతిగారు ఏదో ఒక మూల చూపిస్తారు. స్లాబు పోసేశాక అడిగితే ఆయనకూ దారి ఉండదు, ఇంజనీరుకూ ఉండదు. మా ఇంట్లో జరిగిందదే, వెనక వాష్ ఏరియా కొట్టేసి, బయట ఇనప ఫ్రేమ్ నిలబెట్టి, బీముల మధ్య స్లాబు కోయించడానికే లిఫ్టు ధరలో మంచి వాటా పోయింది.

ఇంటి బయట కూడా ఇదే కథ. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. జనం వాడుకునే భవనం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా అందరూ పోగలిగేలా ఉండాలని ఆ చట్టం చెబుతోంది, అంటే లాడ్జీ, క్లినిక్కు, స్కానింగ్ సెంటర్ అన్నీ వస్తాయి. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో తేవాలని కేంద్రానికి చెప్పింది. ఎముకల డాక్టరు క్లినిక్ మేడ మీద ఉండి, లిఫ్టు లేక, కాలు విరిగినవాణ్ని మెట్ల మీద మోసుకుపోవడం నేను ఈ ఊళ్లోనే చూశాను. ఎముకల వైద్యానికి పేరున్న బర్డ్ లాంటి ఆస్పత్రి ఉన్న ఊరు మనది, ఎక్కడెక్కడి నుంచో నడవలేనివాళ్లు ఇక్కడికి వస్తారు. వాళ్లు బస్సు దిగిన దగ్గర నుంచి ఎన్ని మెట్లు ఎక్కాల్సి వస్తుందో ఒక్కరోజు వాళ్లతో తిరిగి చూస్తే తెలుస్తుంది.

సొంత ఇంటికి ఆ చట్టం రాదు, మనమే చూసుకోవాలి. నేను అడిగేది చిన్నదే. ఇప్పుడే లిఫ్టు కొనమనడం లేదు. ఆరడుగులకు ఆరడుగులు, అంటే తిరుపతి లెక్కలో సరిగ్గా ఒక అంకణం, ప్రతి అంతస్తులోనూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా వదలండి. చుట్టూ బీములు వేసి, మధ్య స్లాబు తర్వాత తీసేయడానికి వీలుగా పోయించండి, గొయ్యికి కింద చోటు ఉంచండి. అప్పటిదాకా అది సామాన్ల గది.

పోయిన నెల చిత్తూరులో మా చిన్నాన్న కొడుకు ముగ్గు పోయిస్తున్నాడంటే టేపు పట్టుకొని వెళ్లాను. వాడికి ముప్పై నాలుగేళ్లు, ఉదయం గ్రౌండ్‌లో పరుగెత్తి వచ్చే మనిషి, "ఇదంతా ఇప్పుడెందుకన్నా" అన్నాడు. నేనేం చెప్పలేదు, పక్కనే కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ కాళ్ల వైపు చూశాను. మేస్త్రి పిడికెడు ముగ్గుపిండి తీసుకొని, గేటుకు ఎదురుగా మెట్ల పక్కన ఇంకో గడి గీశాడు. కిందది బియ్యం బస్తాలకు, పైది పిల్లల సైకిళ్లకట.